పైకప్పుకు కొట్టిన ఫ్లాష్



ఉప్పునుంతల, వంగూరు, చారకొండ, బల్మూరు, అచ్చంపేట. ఈ మండలాల్లో ఏ ఇంటికి వెళ్లినా బీరువాలోనో ఇనుప పెట్టెలోనో పెండ్లి ఆల్బం ఒకటి భద్రంగా ఉంటుంది. పాతికేళ్ల కిందటిది ఒకటి తెరిచి చూడండి. పెండ్లిపిల్ల ముఖం తెల్లగా వెలిసిపోయి ఉంటుంది. ముక్కు కొన మీద, నుదుటి మీద చెమట మెరుపు. వెనక గోడ మీద ఆమె తలకు అంటుకున్నట్టుగా కరుకైన నల్ల నీడ. కాస్త వెనక నిలబడ్డ మేనమామ సగం చీకట్లో ఉంటాడు. కొన్ని ఫొటోల్లో కనుపాపలు ఎర్రగా మెరుస్తుంటాయి. ఇన్ని దోషాలకూ మూలం ఒకటే. కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్ నుంచి వెలుగు నేరుగా పోయి ముఖానికి తగలడం.

ఆ ఫొటోలు తీసినవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ల కష్టం వేరు. ఒక ఫిల్ము రోలులో 36 ఫొటోలు. రోలుకు డబ్బు, కడిగించడానికి డబ్బు, ప్రింట్లకు డబ్బు. ఫొటో ఎలా వచ్చిందో తెలిసేది రోలు పట్నం పోయి తిరిగి వచ్చాకే. పుస్తె కట్టే ఘడియ మళ్లీ రాదు గదా. అందుకని ముఖం కనిపిస్తే చాలు, నల్లగా మాత్రం రావద్దు అనుకుని ఫ్లాష్‌ను నేరుగా కొట్టేవాళ్లు. అది భయం నుంచి పుట్టిన పద్ధతి, ఆ భయం న్యాయమైనదే. ఇప్పుడు కెమెరా వెనక తెర ఉంది. తీసిన మరుక్షణమే చూసుకోవచ్చు, నచ్చకపోతే మళ్లీ తీయవచ్చు, పైసా ఖర్చు లేదు. భయం పోయింది గానీ పద్ధతి మాత్రం మిగిలిపోయింది. ఇవాళ్టికీ లక్ష రూపాయల కెమెరా పట్టుకుని ఫ్లాష్‌ను ముఖానికి గురిపెట్టి కొట్టే కుర్రవాళ్లు మన మండలాల్లో ఎంతోమంది. అసలు ఆ ఫ్లాష్ తల పైకీ పక్కకూ తిరుగుతుందని తెలిసి కూడా తిప్పరు.

తిప్పితే ఏమవుతుంది? ఈ ప్రసంగం వింటూనే మీ ఇంట్లో పరీక్షించవచ్చు. రాత్రిపూట అయితే గదిలో లైటు ఆర్పండి. ఇంట్లో ఒకరిని గోడకు ఆనుకోకుండా జానెడు ముందుకు నిలబెట్టండి. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి మీ కంటి పక్కన పట్టుకుని వాళ్ల ముఖం మీదికి కొట్టండి. గోడ మీద నీడ చూడండి, అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. ఇప్పుడు చేయి అక్కడే ఉంచి, టార్చిని పైకప్పు వైపు తిప్పండి. వెలుగు తగ్గుతుంది, నిజమే. కానీ నీడ అంచు కరిగిపోతుంది. చెంప గుండ్రంగా కనిపిస్తుంది, ముక్కు ముక్కులాగా కనిపిస్తుంది. అవతలి మనిషి కండ్లు చిట్లించడం మానేస్తాడు. టార్చి అదే, మనిషి అదే. మారిందల్లా వెలుగు వచ్చే చోటు, ఆ చోటు వైశాల్యం.

వైశాల్యమే ఇక్కడ అసలు సంగతి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే నీడ కరుకుగా ఉంటుంది. శ్రావణంలో ముసురు పట్టిన రోజున నీడే పడదు. సూర్యుడు మారలేదు. ఎండ మబ్బులోంచి చెదిరి వచ్చినప్పుడు మొత్తం ఆకాశమే ఒక పెద్ద దీపమవుతుంది. అన్ని దిక్కుల నుంచీ వెలుగు పడుతుంది గనక ఒక దిక్కు నుంచి వచ్చే నీడను మరో దిక్కు వెలుగు చెరిపేస్తుంది. ఫ్లాష్ ముఖం వెడల్పు మూడు నాలుగు వేళ్లు. దాన్ని సున్నం వేసిన స్లాబు వైపు తిప్పామా, స్లాబు మీద మంచమంత జాగా వెలిగి, అదే దీపమవుతుంది. మూడు వేళ్ల దీపం మంచమంత దీపమైంది. వెలుగును మెత్తబరచడం అంటే ఇంతే. మిగతావన్నీ ఈ ఒక్క సూత్రానికి కొమ్మలు.

చెమట మెరుపు కూడా ఇందులోంచే వస్తుంది. మన దగ్గర పెండ్లిళ్లు ఎక్కువగా ఎండాకాలంలోనే. పందిట్లో హోమగుండం, నెత్తిన బాసింగం, ఒంటి మీద పట్టుచీర. చెమట పట్టక ఏమవుతుంది? చెమట, నూనె, బంగారం, జరీ అంచు, వీటికి అద్దం గుణం ఉంటుంది. తమ ఎదుట ఉన్న దీపం బొమ్మను తిరిగి చూపుతాయి. దీపం చిన్నదైతే బొమ్మ కూడా చిన్న తెల్లటి చుక్కే. అందుకే నేరుగా కొట్టిన ఫ్లాష్‌లో బంగారు హారం తెల్ల చుక్కల వరుసగా కనబడుతుంది, పసుపు వన్నె పోతుంది. దీపం పెద్దదైతే ఆ మెరుపు నగ అంతా పరచుకుని బంగారం బంగారంలా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. "పిల్ల తెల్లగా రావాలె" అని ఫొటోగ్రాఫర్‌కు చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఆ మాట విని ఫ్లాష్ బలం పెంచేవాళ్లూ ఉన్నారు. ఫలితంగా చామనఛాయ ముఖం బూడిద రంగులోకి పోతుంది, కన్నుముక్కు తీరు చెదిరిపోతుంది. నల్లటి ఒంటిరంగు మీద మెత్తటి వెలుగు పక్క నుంచి పడితే వచ్చే నిగారింపు తెల్లటి ఒంటికి రాదు. అది తెలిసిన ఫొటోగ్రాఫర్ రంగు మార్చడు, వెలుగు మారుస్తాడు.

వెనక నిలబడ్డ మేనమామ సంగతికి వద్దాం. దూరం పెరిగితే వెలుగు తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎంత తగ్గుతుందో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు. కెమెరాకు 3 అడుగుల దూరంలో పెండ్లిపిల్ల, 9 అడుగుల దూరంలో మేనమామ ఉన్నారనుకోండి. నేరుగా కొట్టిన ఫ్లాష్‌లో పిల్లకు పడిన వెలుగులో మేనమామకు అందేది తొమ్మిదో వంతే. మరి చీకట్లో ఉండక ఎక్కడ ఉంటాడు?

అదే గదికి 10 అడుగుల ఎత్తున స్లాబు ఉందనుకుందాం. ఫ్లాష్ 5 అడుగుల ఎత్తున ఉంటుంది. వెలుగు 5 అడుగులు పైకి పోయి, 5 అడుగులు కిందికి రావాలి. పిల్లను చేరేసరికి అది తిరిగిన దూరం ఉజ్జాయింపుగా పదిన్నర అడుగులు, మేనమామను చేరేసరికి పదమూడున్నర. లెక్క వేస్తే పిల్లకు పడిన వెలుగులో ఆయనకు అందేది నూటికి 60 వంతులు. తొమ్మిదో వంతు ఎక్కడ, సగానికి పైగా ఎక్కడ! ఫొటోలో ఇల్లు కనిపిస్తుంది, గోడ మీది దేవుడి పటం కనిపిస్తుంది, గడప దగ్గర నిలబడ్డ చుట్టాలు కనిపిస్తారు. పొట్టకూటికి బొంబాయి, పూణె పోయిన పాలమూరు కుటుంబాలు ఏడాదికి ఒకసారి కలిసేది ఇలాంటి శుభకార్యంలోనే. వెనక వరుస మనుషులు చీకట్లో కలిసిపోతే ఆ ఫొటోకు అర్థం ఏముంది?

ఈ విద్య కొత్తదేమీ కాదు. కరెంటు దీపాలు రాకముందు స్టూడియోలకు గాజు పలకల కప్పులు, పెద్ద కిటికీలు ఉండేవి. వాటికి తెల్లటి తెరలు కట్టి, కావలసినంత లాగుతూ, వదులుతూ పగటి వెలుగును మచ్చిక చేసుకునేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేసిన రాజా దీనదయాళ్, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రోజులవి, 1880ల నాటి మాట. ఆ కాలంలో తీసిన ముఖాల ఫొటోలు ఇప్పటికీ మనల్ని నిలబడి చూసేలా చేస్తాయి, వాటి బలంలో సగం ఆ మెత్తటి వెలుగుదే. 1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పొడి తయారైంది. భగ్గున మండి, గదినిండా పొగ చిమ్మేది. 1930 ప్రాంతంలో ఆ మంటను గాజు బల్బులో బంధించారు. ఒక్కో బల్బు ఒక్కసారే పనికొచ్చేది. ఆ తర్వాత జినాన్ వాయువు నింపిన గొట్టంలో విద్యుత్తును ఒక్కసారిగా వదిలే ఇప్పటి ఫ్లాష్ వచ్చింది. ఫ్లాష్ చిన్నదైంది, చవకైంది, జేబులో పట్టింది. కానీ కిటికీకి తెర కట్టిన పాతవాళ్ల నేర్పు దారిలో ఎక్కడో జారిపోయింది.

దాన్ని మళ్లీ పట్టుకున్నవాడు ఒక బెంగాలీ. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' తీస్తున్నప్పుడు కాశీలోని ఇంటి వాకిలిని కలకత్తా స్టూడియోలో కట్టారు. కాశీ ఇళ్లలో నడిమి వాకిలికి పైనుంచి, ఆకాశం నుంచి నీడ లేని వెలుగు దిగుతుంది. స్టూడియో దీపాలతో ఆ వెలుగు రాదని ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా పేచీ పెట్టాడు. చివరికి ఆయనే ఉపాయం కనిపెట్టాడు. సెట్టు పైన ఆకాశం ఉండవలసిన చోట తెల్లటి గుడ్డ కట్టించి, దీపాలను కింద నుంచి ఆ గుడ్డకు కొట్టాడు. గుడ్డ మీద పడి తిరిగి వచ్చిన వెలుగు అచ్చం ఆకాశపు వెలుగులా దిగింది. 1956లో ఆ సినిమా విడుదలైంది, మరుసటి ఏడాది వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. మన ఊళ్లో నడిమి వాకిలి ఉన్న పాత ఇండ్లు ఎవరికైనా తెలిసి ఉంటే, ఆ వాకిట్లో పొద్దున పది గంటలకు అవ్వను కూర్చోబెట్టి ఫొటో తీయండి. ఫ్లాష్ అక్కరలేదు. మిత్రా దేనికోసం అంత పాటుపడ్డాడో మీకే తెలుస్తుంది.

సరే, మన ఇండ్లకు వద్దాం. ఫ్లాష్ తిప్పమన్నాను గానీ అన్ని ఇండ్లలో అది ఒకే తీరుగా పనిచేయదు. పెండ్లి ఇంటికి చేరగానే కెమెరా తీయకముందు తల ఎత్తి చూడాలి. పైన ఏముంది?

స్లాబు, దానికి తెల్లటి రంగు. ఇంతకంటే అదృష్టం లేదు. ఫ్లాష్ పైకి తిప్పి హాయిగా పని చేసుకోవచ్చు. స్లాబుకు లేత ఆకుపచ్చ, గులాబి, నీలం రంగులు వేయించే అలవాటు మన దగ్గర ఉంది. ఫ్లాష్ ఆ రంగును తాగి, ఆ రంగే కక్కుతుంది. ఆకుపచ్చ స్లాబు కింద పెండ్లికొడుకు కామెర్లు వచ్చినవాడిలా కనిపిస్తాడు. అప్పుడు స్లాబును వదిలిపెట్టి తెల్ల గోడ ఏదైనా ఉందేమో చూడాలి. గోడలకు వేసే సున్నంలో నీలి మందు ఎక్కువైతే దాంతోనూ చిన్న చిక్కే, ముఖాలు చల్లటి రంగులోకి పోతాయి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ సరిచేసుకుంటే ఆ చిక్కు తీరుతుంది, వెలుగంతా ఆ గోడ నుంచే వస్తున్నట్టయితే.

మట్టి మిద్దె అయితే పైన దూలాలు, వాసాలు, ఏండ్ల పొయ్యి పొగకు నల్లబడి ఉంటాయి. నలుపు వెలుగును మింగుతుంది. దానికి ఎంత ఫ్లాష్ కొట్టినా దండగే. పెంకుటిల్లూ అంతే, పైగా పెంకు ఎరుపు ముఖానికి ఎక్కుతుంది. రేకుల ఇల్లు కొంచెం నయం, సిమెంటు రేకు బూడిద రంగులో ఉంటుంది గనక రంగు మారదు, కాకపోతే వెలుగు బాగా తగ్గుతుంది. ఇలాంటి ఇండ్లలో నేను చెప్పేది ఒకటే, తలుపు దగ్గరికి రండి. గడప లోపలి వైపు మనిషిని నిలబెట్టి తలుపులోంచి వచ్చే పగటి వెలుగులో తీయండి. ఇక్కడికి దగ్గరలోని అమ్రాబాద్ పీఠభూమి మీద 1940లో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కెమెరా కూడా పట్టుకుని తిరిగాడు. ఆయన ఫొటోలు లండన్‌లో సోయాస్ సంస్థ దగ్గర ఉన్నాయి. గుడిసె చీకట్లో వెతుక్కునే బదులు మనిషిని వెలుగులోకి పిలిస్తే చాలని ఆ రకం పాత ఫొటోలు చూస్తే అర్థమవుతుంది.

ఇక టెంటు. ఎర్ర, పసుపు, నీలి చారల షామియానా కింద జీలకర్ర బెల్లం పెడుతుంటారు. పైకి కొట్టారా, వెలుగు మూడు రంగులుగా దిగుతుంది. ఒక చెంప పసుపు, ఒక చెంప ఎరుపు. ఏ కంప్యూటరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. దీనికి విరుగుడు చవకైనదే. ముందు రోజే ఇంటివాళ్లతో మాట్లాడి, పందిరి మధ్య కప్పుకు లోపలి వైపు తెల్లటి దుప్పటి ఒకటి కట్టించుకోవాలి. లేదంటే థర్మకోల్ పలక ఒకటి పట్టుకుని సాయం కుర్రాడు పక్కన నిలబడితే ఫ్లాష్‌ను దానికి కొట్టవచ్చు. ఏదీ కుదరకపోతే చుట్టూ చూడండి. తెల్ల పంచె, తెల్ల అంగీ వేసుకున్న పెద్దమనిషి ఎవరో ఒకరు మీ పక్కన ఉండనే ఉంటారు. ఫ్లాష్ తలను పక్కకు తిప్పి ఆయన అంగీకి కొట్టండి. నవ్వులాటకు చెప్పడం లేదు, రాజకీయ నాయకుల గంజి పెట్టిన ఖద్దరు అంగీకి మించిన రిఫ్లెక్టర్ మన పెండ్లిళ్లలో దొరకదు. ఆయనకు తెలియకుండానే పెండ్లికి వెలుగిచ్చిపోతాడు.

ఫంక్షన్ హాళ్లు వేరే కథ. కప్పు 20 అడుగులో, అంతకు పైనో ఉంటుంది, మధ్యలో రంగురంగుల లైట్లు. వెలుగు అంత ఎత్తుకు పోయి రావడానికి ఫ్లాష్ బలం చాలదు. అక్కడ స్టాండు మీద తెల్ల గొడుగు పెట్టి రెండో ఫ్లాష్‌ను దానిలోకి కొట్టడమే మేలు.

పైకి కొట్టడంలో ఒక దోషం ఉంది, దాన్ని దాచిపెట్టను. నిట్టనిలువుగా కొడితే వెలుగు నడినెత్తి నుంచి దిగుతుంది. కనుబొమ్మల కింద గుంతలు చీకటి పడతాయి. పెండ్లికొడుకు తలపాగా, బాసింగం ఉన్నప్పుడు మరీ కష్టం, వాటి నీడలో కండ్లే కనిపించవు. అందుకని ఫ్లాష్‌ను నిలువుగా కాకుండా కొంచెం ముందుకో, పక్కకో వంచాలి. ఇల్లు చిన్నదైతే మీ భుజం మీదుగా వెనక్కి తిప్పి, వెనక గోడా కప్పూ కలిసే మూలకు కొట్టి చూడండి. వెలుగు మీ వెనక నుంచి పెద్దగా వచ్చి ముఖాన్ని నిండుగా తడుపుతుంది. ఇంకా సులువైన చిట్కా, తెల్లటి అట్టముక్క. శుభలేఖంత అట్టను ఫ్లాష్ వెనక వైపు రబ్బరు బ్యాండుతో కట్టి రెండు మూడు వేళ్ల ఎత్తు పైకి నిలపాలి. ఎక్కువ వెలుగు కప్పుకు పోతుంది, కొద్దిగా అట్టకు తగిలి ముందుకు వస్తుంది. ఆ కొద్దిపాటి వెలుగు కండ్లలో చిన్న చుక్కై మెరుస్తుంది. కంట్లో ఆ చుక్క లేకపోతే మనిషి ఎంత నవ్వినా ఫొటో నిద్రమొహంగా ఉంటుంది.

కెమెరా పట్టే కుర్రవాళ్ల కోసం రెండు లెక్కలు. ప్రతి ఫ్లాష్‌కు గైడ్ నంబరు ఉంటుంది. ఐఎస్ఓ 100 దగ్గర మీ ఫ్లాష్ గైడ్ నంబరు 40 అనుకోండి. ఆ 40ని మనిషి ఉన్న దూరంతో, అంటే మీటర్లతో భాగిస్తే ఎఫ్ నంబరు వస్తుంది. 5 మీటర్లకు ఎఫ్ 8. ఫ్లాష్ పైకి తిప్పినప్పుడు పైకి, కిందికి తిరిగిన మొత్తం దూరం తీసుకోవాలి. అది మూడున్నర మీటర్ల పైచిలుకు అయితే ఎఫ్ 11 వస్తుంది. కానీ కప్పు కొంత మింగుతుంది, కొంత చెదరగొడుతుంది, అందుకని రెండు స్టాపులు తెరవాలి. ఎఫ్ 5.6. ఐఎస్ఓను 400కు పెంచారంటే ఆ రెండు స్టాపులూ తిరిగి వస్తాయి, ఫ్లాష్ పావు బలంతో పని చేస్తే చాలు. పావు బలం అంటే ఫ్లాష్ వెంటనే మళ్లీ నిండుతుంది, పెన్సిల్ బ్యాటరీలు తలంబ్రాల దాకా కాదు, అప్పగింతల దాకా వస్తాయి. ఇప్పటి ఫ్లాష్‌లు టీటీఎల్ పద్ధతిలో ఈ లెక్క తమంత తామే చేసుకుంటాయి, నిజమే. కానీ ఫ్రేములో తెల్ల పంచెలు ఎక్కువైతే కెమెరా మోసపోయి వెలుగు తగ్గిస్తుంది, నల్ల కోట్లు ఎక్కువైతే పెంచుతుంది. లెక్క తెలిసినవాడు దాన్ని సరిచేయగలడు.

షట్టరును 60వ వంతు సెకను దగ్గర ఉంచితే పందిరికి వేలాడే సీరియల్ బల్బుల వెలుగు కూడా ఫొటోలోకి వస్తుంది. ఫ్లాష్ వెలుగు పగటి రంగు, బల్బు వెలుగు పసుపు. ఈ రెండూ పోట్లాడుకోకుండా ఉండాలంటే ఫ్లాష్ ముందు నారింజ రంగు జిలాటిన్ కాగితం ముక్క అతికించండి. మరీ ఒత్తుకునేలా అతికించవద్దు, వరసగా కొడితే వేడికి కరుగుతుంది.

ఫ్లాష్‌కు తొడిగే తెల్ల ప్లాస్టిక్ డబ్బాల గురించి అడుగుతుంటారు. నా తీర్పు చెబుతాను. గదిలో, తెల్ల గోడల మధ్య అవి పనిచేస్తాయి. వెలుగును నలుదిక్కులా చిమ్మితే గోడలూ కప్పూ దాన్ని తిరిగి పంపుతాయి గనక. ఆరుబయట, రాత్రిపూట, పైన చుక్కలు తప్ప ఏమీ లేని చోట ఆ డబ్బా తగిలించుకుని తిరగడం బ్యాటరీ దండగ తప్ప మరొకటి కాదు. డబ్బా ఫ్లాష్ కంటే అంత పెద్దదేమీ కాదు. దీపం పెద్దది కానప్పుడు నీడ మెత్తబడదు. ఆకాశానికి పోయిన వెలుగు తిరిగి రాదు.

అందుకే బారాత్ రాత్రి పద్ధతి మార్చాలి. కప్పు లేదు, గోడ లేదు, డీజే బండి ముందు పిల్లలు గంతులు వేస్తున్నారు. ఇక్కడ ఫ్లాష్‌ను నేరుగానే కొట్టాలి, కానీ బలం బాగా తగ్గించి. అసలు వెలుగు ఊరేగింపు లైట్ల నుంచి రావాలి. ఫ్లాష్ ముఖాన్ని కొద్దిగా పైకి తేవాలి, అంతే. షట్టరు 30వ వంతు దాకా తగ్గించవచ్చు, ఫ్లాష్ చివరలో వెలిగేలా పెట్టుకుంటే కదిలే లైట్ల గీతలు మనిషి వెనక నుంచి వచ్చినట్టు పడతాయి. బతుకమ్మ అయితే రాత్రి దాకా ఆగనే వద్దు. పొద్దు గూకిన తర్వాత ఒక అరగంట ఆకాశం నీలంగా మిగిలి ఉంటుంది. అప్పుడు తీయండి. నేరుగా ఫ్లాష్ కొడితే తంగేడు పసుపు, గునుగు, బంతి అన్నీ ఒక్క ముద్దైపోతాయి. ఆ అరగంట వెలుగులో పువ్వు పువ్వుకూ వేరు కనిపిస్తుంది.

ఈ ప్రాంతంలో ఫ్లాష్‌కు ఇంకో వాడకం కూడా ఉంది. మన పొరుగునే ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెట్లకు కెమెరాలు కడతారు. పులిని పులి నుంచి వేరుగా గుర్తించేది దాని చారలను బట్టే. చారలు స్పష్టంగా రావడానికి తెల్లటి ఫ్లాష్ ఉన్న కెమెరాలు పెడుతుంటారు. అక్కడ మెత్తటి వెలుగు అక్కరలేదు, గుర్తు తెలిస్తే చాలు. పాస్‌పోర్టు ఫొటో అన్నమాట. మనం మాత్రం శ్రీశైలం దారిలో రాత్రిపూట బండి ఆపి జంతువుల కండ్లలోకి ఫ్లాష్ కొట్టే పని పెట్టుకోవద్దు.

కెమెరా లేదు, ఫోన్ మాత్రమే ఉంది అనేవాళ్లే ఈ ప్రసంగం వింటున్నవారిలో ఎక్కువమంది అయి ఉంటారు. ఫోన్ ఫ్లాష్ తిరగదు. దాన్ని ఆపేయండి. ఇంకొకరి ఫోన్ టార్చి వెలిగించి తెల్ల గోడకో, తెల్లటి తువాలుకో కొట్టించండి, ఆ వెలుగులో మీ ఫోన్‌తో తీయండి. ఉయ్యాలలో పసిబిడ్డను తీసేటప్పుడు ఇదే మేలు, బిడ్డ ఉలిక్కిపడదు. వృద్ధులకూ అంతే. కండ్లలోకి ఫ్లాష్ పడగానే "ఏందిరా నాయనా, మెరుపు కొట్టినట్టు కొట్టినవ్" అని ముఖం తిప్పుకునే అవ్వ, గోడ వెలుగులో అయితే నిమ్మళంగా కూర్చుంటుంది, మాట్లాడుతూ ఉంటుంది. మంచి ఫొటో మాట మధ్యలోనే దొరుకుతుంది.

చివరగా ఇంటివాళ్లకు ఒక మనవి. పెండ్లికి ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకునేటప్పుడు ఆల్బంలో ఎన్ని షీట్లు, డ్రోన్ ఉందా, వీడియో ఎన్ని గంటలు అని అడుగుతున్నారు. వాటితోపాటు అతను రాత్రిపూట ఇంటి లోపల తీసిన ఫొటోలు చూపించమని అడగండి. వెనక గోడ మీద నల్ల నీడ ఉందా లేదా చూసుకోండి. పందిరికి తెల్ల దుప్పటి కట్టమని అతను అడిగితే అడ్డు చెప్పవద్దు. పెండ్లికి ముందు ఇంటికి ఎలాగూ రంగులు వేయిస్తారు. గోడలకు మీకు నచ్చిన రంగు వేయించుకోండి, పైకప్పుకు మాత్రం తెల్లటి రంగే వేయించండి.